మంగోరే అనే పేరు

దక్షిణ అమెరికా పటంలో పరాగ్వే దేశానికి సముద్రతీరం లేదు. నదులే దానికి రాచబాటలు. 1864 మొదలు 1870 వరకు ఆ చిన్న దేశం బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వేలతో ఏకకాలంలో యుద్ధం చేసినది. ఆ యుద్ధంలో ఎందరు మరణించినారో చరిత్రకారులు ఈనాటికీ తేల్చలేదు. పురుషులలో అధికసంఖ్యాకులు నశించినారన్న మాట మీద మాత్రం వారికి భేదం లేదు. యుద్ధం ముగిసిన 15 ఏళ్లకు, 1885 మే 5వ తేదీన, ఆ దేశపు దక్షిణభాగంలో, మిసియోనెస్ అనే ప్రాంతంలో, అగుస్తీన్ పియో బారియోస్ జన్మించినాడు. తండ్రి అర్జెంటీనా ప్రభుత్వపు ఉపకాన్సలు, తల్లి ఉపాధ్యాయిని. ఇంటినిండా పిల్లలు, పిల్లల చేతులలో వాద్యాలు. అగుస్తీన్ చేతికి గిటారు వచ్చినది.

మన దేశంలో గిటారు అనగానే చాలమందికి సినిమా పాటలే జ్ఞాపకం వస్తవి. మరికొందరికి, ఒడిలో పరుండబెట్టుకుని ఇనుపకడ్డీ జార్చుతూ వాయించే హవాయి గిటారు జ్ఞాపకం రావచ్చును. స్పెయిను దేశంలో పెరిగి, ఆరు తీగల మీద రెండు మూడు గొంతులను ఒకేసారి పలికించే శాస్త్రీయ గిటారు మనకు దూరపు చుట్టం. నేను దానిని వినటం ప్రారంభించి చాల కాలమైనది. వాయించటానికి కూడ ప్రయత్నించినాను. నా ప్రయత్నాన్ని విన్నవారు నా ఇంటివారు మాత్రమే, వారు ఓర్పుగలవారు. విద్వాంసుడనన్న అధికారంతో కాక, ఒక మనిషి సంగీతాన్ని ఎంతో కాలం ప్రక్కన పెట్టుకుని జీవించినవాడనన్న చనువుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బాలుడైన బారియోస్ లోని శక్తిని ముందుగా గుర్తించినవాడు గుస్తావో సోసా ఎస్కలాదా అనే గిటారు గురువు. ఆయన వద్దనే ఈ పిల్లవాడు సోర్, అగువాదో మొదలైన స్పానిష్ స్వరకర్తల అభ్యాసగ్రంథాలను చూసినాడు. తరువాత రాజధాని అసున్సియోన్ లోని కళాశాలకు పోయినాడు. గణితమన్నా సాహిత్యమన్నా ఆయనకు ప్రీతి. కవిత్వం వ్రాసేవాడు, బొమ్మలు గీసేవాడు. దస్తూరి ముత్యాలకోవ వంటిది. స్పానిష్ తోపాటు గ్వారనీ భాష ఆయనకు మాతృభాషవలె వచ్చును. గ్వారనీ ఆ నేల మీద స్పానిష్ వారు రాకముందే ఉన్న ఆదివాసుల భాష. పరాగ్వేలో బండివాడు, బజారులో కూరలమ్మే ఆమె, వకీలు, కవి అందరూ దానిని మాట్లాడుతారు. అయినా రాజ్యాంగంలో స్పానిష్ తో సమానంగా అధికారభాష హోదా దానికి 1992లోగాని లభించలేదు. ఈ విషయం ఇక్కడే చెప్పటానికి కారణం ఉన్నది. ముందు ముందు పాఠకునికి అవసరపడుతుంది.

1910లో ఆయన కొద్దిరోజులలో తిరిగివస్తానన్న తలంపుతో ఏరు దాటి అర్జెంటీనాకు పోయినాడు. తిరిగివచ్చేసరికి 14 ఏళ్లయినది. అర్జెంటీనా, ఉరుగ్వే, బ్రెజిల్ దేశాలలో ఊరూరా కచేరీలు చేస్తూ తిరిగినాడు. ఒక ఊరిలో నాటకశాల, ఇంకొక ఊరిలో క్లబ్బు, వేరొక ఊరిలో ఒక స్నేహితుని వసారా. ఉరుగ్వేలో మార్తీన్ బోర్దా పగోలా అనే రసికుడైన సంపన్నుడు ఆయనకు ఆశ్రయమిచ్చినాడు. బారియోస్ రచనలను కాగితం మీద నిలబెట్టి భద్రపరచవలెనన్న పట్టుదల స్వరకర్తకంటె ఈ స్నేహితునికే ఎక్కువ. బారియోస్ తన రచన వ్రాతప్రతిని ఒక స్నేహితునికి కానుకగా ఇచ్చి మరునాడు వేరొక ఊరికి పోయేవాడు. అదే రచనను ఇంకొకచోట వాయించినప్పుడు మధ్యలో ఒక చరణం మారేది, చివర ఒక తోక పెరిగేది. ఆయన 300కు పైగా రచనలు చేసినాడని అంచనా. అందులో మనకు మిగిలినవి సగమైనా లేవు.

పాశ్చాత్య సంగీతచరిత్ర చదివేవారికి ఇది నిర్లక్ష్యంగా తోచును. అక్కడ స్వరకర్త అంటే కాగితం. ఆ కాగితం మీద ఉన్నదే కృతి. మనకు అంత వింతగా తోచదు. త్యాగరాజస్వామి కృతులు మనకు దక్కినవంటే వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు వ్రాసిపెట్టుకున్నందువల్ల, ఇతర శిష్యులు కంఠాన పెట్టుకుని తమ శిష్యులకు అప్పగించినందువల్ల. ఒకే కృతికి రెండు మూడు పాఠాలు ఉంటే మనం కలవరపడము. ఏ బాణీ అని అడుగుతాము. కాని మనకు శిష్యపరంపర ఉన్నది. ఊరు విడిచి ఊరు పోయే బారియోస్ వెనుక అప్పటికి ఏ పరంపరా లేదు. ఆయన పంచిపెట్టిన కాగితాలు ఎవరి బీరువాలలో పడితే వారి దయమీద బ్రతికినవి.

ఆయన తీగల సంగతి కూడ చెప్పవలెను. ఆ కాలంలో శాస్త్రీయ గిటారుకు పైమూడు తీగలు గొర్రెపేగుతో చేసినవి కట్టేవారు. నైలాను తీగలు వాడుకలోనికి వచ్చినది రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే. బారియోస్ ఉక్కుతీగలు కట్టేవాడు. ఉక్కు గరగరలు తగ్గటానికి తీగల మీద చిన్న రబ్బరుముక్కలు అమర్చేవాడు. పెద్దమనుషులైన గిటారు విద్వాంసులకు ఇది అనాచారం. ఉక్కుతీగ వీధిగాయకులదీ, తాగుడు అంగళ్లదీ. వీణ విన్న చెవికి ఈ ఆక్షేపణ అర్థంకాదు. మన వీణతీగలు లోహమే, ఆ లోహం మీదనే ముత్తుస్వామి దీక్షితుల కృతులు నడిచినవి. పైగా పేగుతీగ చెమ్మకు సాగుతుంది, తెగుతుంది. ఉష్ణదేశాలలో ఓడలమీదా రైళ్లమీదా బ్రతుకు వెళ్లదీసేవానికి తెగని తీగ ఎంత అవసరమో ఊహించవచ్చును.

ఉక్కుతీగవల్ల ఇంకొక లాభం కూడ కలిగి ఉండవచ్చును. 1910 దశకంలోనే ఆయన గ్రామఫోను రికార్డులిచ్చినాడు. శాస్త్రీయ గిటారును రికార్డుల కెక్కించిన మొదటివారిలో ఆయన ఒకడు. అప్పటికి మైక్రోఫోను లేదు. వాద్యకారుడు ఒక పెద్ద బూరా ఎదుట కూర్చుండి వాయిస్తే, ఆ ధ్వని తాకిడికే సూది కదిలి మైనం మీద గీత గీసేది. గిటారు గొంతు చిన్నది. ఉక్కు పలుకు లేకపోతే ఆ గీత ఎంత లోతుగా పడేదో! నేను ఆ రికార్డుల ప్రతులు విన్నాను. వానచప్పుడు వంటి గోల వెనుకనుండి ఒక మనిషి తొందర లేకుండా, కాలప్రమాణాన్ని తన ఇష్టంవచ్చినట్లు వంచుతూ వాయిస్తున్నాడు. ఈనాటి విద్వాంసులు శుభ్రంగా వాయిస్తారు, అట్లు వంచరు.

గిటారులో మీటిన స్వరం పుట్టిన మరుక్షణమే చావనారంభిస్తుంది. వీణలో మనం తీగను ప్రక్కకు లాగి, గమకంతో ఆ స్వరానికి ఆయుస్సు పోస్తాము. గిటారువారు వెతుకుకున్న ఉపాయాలలో ఒకటి ట్రెమోలో. ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, చూపుడువ్రేలు ఒకదానివెంట ఒకటి ఒకే తీగను మీటుతవి. వాటి మధ్య బొటనవ్రేలు క్రింది తీగలమీద వేరొక నడక నడుస్తుంది. వేగం సరిగా కుదిరితే చుక్కలు గీతవలె కనపడినట్లు మీటులు ఒకే ఎడతెగని పాటగా వినబడుతవి. కుదరకపోతే గుర్రపుదౌడువలె వినబడుతవి. నా చేతిలో గుర్రం చాల దూరమే పోయినది గాని పాట రాలేదు. స్పెయినులో తార్రెగా ఈ పద్ధతికి గొప్ప పేరు తెచ్చినాడు; దానిలో ఒక కథ చెప్పగలిగినవాడు బారియోస్. 'అడవిలో ఒక స్వప్నం' అని అర్థమిచ్చే పేరుగల ఆయన రచన ఒకటి ఉన్నది. దానిలో పాట క్రమంగా పైకి ఎక్కి ఎక్కి గిటారు మెడ చివరకు పోయి, అక్కడ ఇక మెట్టు లేనిచోట ఒక స్వరాన్ని అడుగుతుంది. మన వీణకు 24 మెట్లు. శాస్త్రీయ గిటారుకు సాధారణంగా 19. బారియోస్ రచనకు 20వ మెట్టు కావలెను. ఆయన గిటారుకు అది ఉండేది. ఈనాడు ఈ ఒక్క రచన కోసం విద్వాంసులు ఆ మెట్టు ప్రత్యేకంగా వేయించుకోవటమో, వేరొక ఉపాయం చేయటమో తటస్థిస్తున్నది. ఒక్క స్వరం!

ఆయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'లా కతెద్రాల్', అనగా ప్రధానాలయం. 1921లో ఉరుగ్వేలో ఉన్నప్పుడు పుట్టినది. మొదటి భాగంలో నిదానమైన, నిండైన స్వరసమూహాలు ఆలయంలోని ఆర్గన్ వాద్యాన్ని తలపిస్తవి. బాక్ అనే జర్మను సంగీతమూర్తి మీద బారియోస్ కున్న భక్తి అందులో దాగదు. రెండవ భాగం వేగం. ఆలయంలోనుండి వెలుపలికి వచ్చిన మనిషికి వీధి ఎదురైనట్లు ఉంటుందని దీనిని వివరించటం పరిపాటి. నాకు ఆ వీధి కనపడదు. మెట్లమీద వాన పడుతున్నట్లు ఉంటుంది. పదిహేడేళ్ల తరువాత, 1938లో, ఆయన దీనికి ముందు ఇంకొక చిన్న భాగాన్ని చేర్చి, దానికి 'సౌదాదె' అని పేరు పెట్టినాడు. అది పోర్చుగీసు మాట. దూరమైనదానిపై మనసులో నిలిచిపోయే మమతకు ఆ పేరు. మన 'విరహం' దానికి దగ్గరగా పోయి ఆగిపోతుంది, ఎందుకంటే విరహానికి ఒక వ్యక్తి కావలెను. సౌదాదెకు ఊరైనా చాలును, గడచిన ఏడాదియైనా చాలును.

అదే 1921లో స్పెయిను దేశపు ఆంద్రేస్ సెగోవియా బ్యూనస్ ఎయిరిస్ కు వచ్చినప్పుడు ఇద్దరూ కలుసుకున్నారు. బారియోస్ వాయించినాడు, సెగోవియా విన్నాడు. ఆ తరువాత అరవై ఏళ్లకు పైగా సెగోవియా లోకమంతా తిరిగి గిటారుకు మహాసభలలో పీట వేయించినాడు. ఎందరెందరో స్వరకర్తలచేత దానికి రచనలు చేయించినాడు. తన సభలలో బారియోస్ కు మాత్రం చోటివ్వలేదు. ఉక్కుతీగలు కారణమో, గిటారు వాయించేవాడే గిటారుకు స్వరకర్త కావటం ఆయనకు సమ్మతం కాదో, నేను ఇద్దరి పక్షానా వాదించలేను. ఇద్దరిలో ఒకనికి యూరోపు ఉన్నది, రెండవవానికి లేదు. అది మాత్రం తెలిసినదే.

ఇక 1932. బారియోస్ వయస్సు 47. లోకమంతటా ఆర్థికమాంద్యం. బ్రెజిల్ దేశంలో బాహియాలో ఒక కచేరీకి గోడపత్రికలు పడినవి. వాయించేవాడు బారియోస్ కాదు, 'నిట్సుగా మంగోరే', పరాగ్వే అరణ్యాల నుండి వచ్చిన గిటారు పగనీనీ. నిట్సుగా అంటే అగుస్తీన్ అక్షరాలను చివరనుండి మొదటికి చదివితే వచ్చేది. మంగోరే స్పానిష్ వారి రాకడ కాలపు గాథలలోని ఒక ఆదివాసి నాయకుడు. వేదిక మీద తాటాకుల వంటి ఆకులు, వెదురుబొంగులు. వాటి నడుమ, తలమీద ఈకల కిరీటంతో, ఆదివాసి వేషంతో గిటారు పట్టుకుని ఒక మనిషి. ఆ మనిషి బాక్ వాయించినాడు, షోపేన్ వాయించినాడు, తన ట్రెమోలోలు వాయించినాడు. జనం వచ్చినారు. అగుస్తీన్ బారియోస్ ను చూడటానికి రానివారు నిట్సుగా మంగోరేను చూడటానికి వచ్చినారు. ఈ వేషంతో ఆయన కొద్ది సంవత్సరాలు ఎన్నో ఊళ్లు తిరిగినాడు. తరువాత ఈకలు తీసివేసినాడు గాని పేరును పూర్తిగా విడువలేదు. అగుస్తీన్ బారియోస్ మంగోరే అని కలిపి పెట్టుకున్నాడు.

ఈ వేషాన్ని కేవలం బూటకమనటానికి నాకు నోరు రాదు. ఆయన గ్వారనీ మాట్లాడినవాడు; ఆ నేలమీద పుట్టినవాడు. పరాగ్వేలో ఎవరి నరాలలోనైనా రెండు రక్తాలు కలిసే ఉంటవి. అయినా ఆ వెదురుబొంగులు పరాగ్వే కోసం కాదు, టిక్కెట్టు కొన్నవాని కోసం. అడవిలోనుండి వచ్చినవాడు బాక్ వాయించటం వింత. కళాశాలలో చదివి, కవిత్వం వ్రాసి, 20 ఏళ్లు సాధన చేసినవాడు బాక్ వాయించటం వింత కాదు. జనం డబ్బిచ్చినది వింతకు.

మన వారికి కూడ ఈ అనుభవం ఉన్నది. బరోడాలో సంగీతకుటుంబంలో పెరిగి, హైదరాబాదులో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మెప్పు పొందిన ఇనాయత్ ఖాన్ వీణావాదకుడు. ఆయన 1910లో సోదరులతో అమెరికాకు పోయినాడు. అక్కడ రూత్ సెయింట్ డెనిస్ అనే నర్తకి 'ప్రాచ్య' నృత్యాలని పేరుపెట్టి ఆడుతున్న ఆటలకు ఆయన వాద్యబృందం తోడు వాయించవలసి వచ్చినది. వారి సంగీతం సభ్యులకు అలంకారంలో ఒక భాగం, అగరువత్తి పొగవలె. తరువాత కొంతకాలానికి ఆయన సభలలో వాయించటమే మానుకుని సూఫీ బోధకుడుగా ప్రసిద్ధి పొందినాడు. బారియోస్ మానలేదు. మానితే తినటానికి ఆయనకు వేరొక విద్య లేదు.

కొన్ని ఏళ్ల క్రితం మా ఊరిలో నలుగురం కలిసి నడుపుకునే ఒక చిన్న శ్రవణగోష్ఠిలో బారియోస్ రికార్డులు వినిపించవలెనని తలపెట్టినాము. ఆహ్వానపత్రం మీద ఏ చిత్రం వేయవలెనన్న ప్రశ్న వచ్చినది. ఒక మిత్రుడు ఈకల కిరీటం ఉన్న ఛాయాచిత్రాన్ని వేయవలెనన్నాడు. నేను వలదన్నాను. వాదం పెరిగినది. మాలో పెద్దవారు, వీణ పాఠాలు చెప్పే ఒక ముసలమ్మగారు, అంతసేపూ ఊరకే విని, చివరకు నావైపు తిరిగి అన్నారు:

"నాయనా, నాకు పన్నెండేళ్లప్పుడు మొదటి కచేరీ. నిర్వాహకులు నాకు అట్టకిరీటం పెట్టి, అట్టతోనే చేసిన తామరపువ్వు మీద కూర్చోబెట్టినారు. సరస్వతి అని పేరు. చేతినిండా గాజులు. ఆ గాజులు దండికి తగిలి తోడిలో గాంధారం పలకలేదు. ఏడుపు వచ్చినది. అయినా వాయించినాను."

"అమ్మా, మరి ఆ వేషం తప్పు కాదంటారా?" అని అడిగినాను.

"తప్పే. మా నాన్నగారు రెండేళ్లు ఆ సభవాళ్లతో మాట్లాడలేదు. కాని ముందువరుసలో ఒకాయన కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆయన కోసం వాయించినాను. మీ బారియోస్ కూడ కళ్లు మూసుకున్నవాణ్ణి వెతుక్కునే ఉంటాడు. ఈకల బొమ్మ వేసుకోండి. వేయకపోతే ఆయన పడ్డది ఎవరికి తెలుస్తుంది?"

నా వాదానికి అటువంటి సమాధానం ఉండగలదని నాకు తోచలేదు. చివరకు ఆ చిత్రాన్ని ఆహ్వానపత్రం వెనుకవైపు, చిన్నదిగా వేసినాము. ముందువైపు ఆయన దొరల దుస్తులు ధరించి గిటారు పట్టుకున్న చిత్రం. వచ్చినవారు ఇరవైమూడుమంది. ఏ వైపు చూసి వచ్చినారో మేము అడుగలేదు. ముసలమ్మగారు 'అడవిలో స్వప్నం' పూర్తికాగానే "మళ్లీ వేయండి" అన్నారు.

ఈకలు తీసివేసిన తరువాతి సంగతులు కొద్దిమాటలలో చెప్పవచ్చును. 1934 నుండి 1936 వరకు, ఒక పరాగ్వే దౌత్యవేత్త సహాయంతో, ఆయన యూరోపులో ఉన్నాడు. బ్రస్సెల్స్, బెర్లిన్ చూసినాడు, స్పెయిను చూసినాడు. స్పెయినులో అంతర్యుద్ధం పుట్టిన ఏడాదిలోనే మరల అట్లాంటిక్ దాటినాడు. వెనిజులా, క్యూబా, కోస్టారికా. కోస్టారికాలో 1938లో ఒక శిష్యురాలి పేరుమీద 'హూలియా ఫ్లోరిదా' అనే పడవపాట వ్రాసినాడు. నీటి ఊపుకు తగిన తాళంలో అది అంత నిరాడంబరంగా నడుస్తుంది. గిటారు నేర్చేవారు దానిని సులభమనుకుని మొదలుపెట్టి నాలుగవ పంక్తిలో వ్రేళ్లు చాలక ఆగిపోతారు. ఆ పిమ్మట గుండెజబ్బు. తిరగటం ఇక సాగదు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశపు అధ్యక్షుడు ఆయనను పిలిచి, రాజధాని సాన్ సాల్వడార్ లోని సంగీతపాఠశాలలో ఉద్యోగమిచ్చినాడు. మూడు దశాబ్దాల సంచారం తరువాత, 1940 ప్రాంతంలో, బారియోస్ కు ఒక ఊరు, ఒక జీతం, కొద్దిమంది శిష్యులు లభించినారు.

ఆ అధ్యక్షుని పేరు మాక్సిమిలియానో ఎర్నాందెస్ మార్తీనెస్. సైనికాధికారి, 1931 డిసెంబరులో సైనికుల తిరుగుబాటు ఆయనను గద్దెనెక్కించినది. 1932 జనవరిలో ఆ దేశపు పడమటి కాఫీతోటల ప్రాంతంలో రైతులు లేచినారు. వారిలో చాలమంది పిపిల్ ఆదివాసులు. మార్తీనెస్ ప్రభుత్వం కొద్ది వారాలలో వేలాదిమందిని కాల్పించినది. పదివేలని కొందరు, ముప్పదివేలని కొందరు లెక్కచెబుతారు. ఆదివాసి దుస్తులు, ఆదివాసి ముఖం, చేతిలో కొడవలి కత్తి — అనుమానానికి ఇవి చాలినవి. అటుతరువాత అనేక కుటుంబాలు తమ దుస్తులు విడిచినవి. నావత్ భాషను పిల్లలకు చెప్పటం మానివేసినవి. ఆ భాష ఈనాడు కొద్దిమంది వృద్ధుల నాలుకలమీద మాత్రమే మిగిలి, దానిని బ్రతికించటానికి పంతుళ్లు పాటుపడుతున్నారు.

సంవత్సరాన్ని గమనించవలెను. ఒకచోట ఆ వేషం ప్రాణం తీస్తున్నందున మనుషులు దానిని విప్పి దాచుకున్న సంవత్సరమే, ఇంకొకచోట అది అన్నం పెడుతుందని ఒక కళాకారుడు దానిని ధరించినాడు. విప్పించినవాడే, ఎనిమిదేళ్ల తరువాత, ధరించినవానికి ఆశ్రయమిచ్చినాడు. ఇందులో బారియోస్ కు ప్రమేయమేమీ లేదు. వేలమైళ్ల దూరంలో జరిగిన మారణకాండ గురించి బాహియాలో ఆయనకు ఏమి తెలిసి ఉంటుంది? సాన్ సాల్వడార్ కు వచ్చిన తరువాతనైనా తెలిసి ఉండదా? ఎవరూ బిగ్గరగా మాట్లాడని సంగతి అది. కాని ఆయన మాటలు లేని సంగతులు వినటంలోనే ఆరితేరినవాడు. రోగి, పేదవాడు, ఇల్లు లేనివాడు. తలుపు తెరచినవాని చేతులు కడిగినవో కావో చూడగల స్థితిలో ఆయన లేడు. నేను ఆయనను నిందించటం లేదు. ఆయన సంగీతాన్ని వినేటప్పుడు ఈ సంగతి మరువవలెనని నాకు ఎవరైనా చెబితే ఒప్పుకోను; ఆ సంగతి జ్ఞాపకమున్నందున స్వరం చెడుతుందన్నా ఒప్పుకోను. రెండూ ఒకే గదిలో ఉంటవి. ఉండనిస్తాను.

1944 మే నెలలో దేశమంతా పనులు మాని కూర్చుండగా మార్తీనెస్ గద్దె దిగి దేశం విడిచినాడు. ఆ వేసవి బారియోస్ కు కడపటిది. ఒకనాడు ఆయన ఇంట పాఠం జరుగుతుండగా ఎవరో తలుపు తట్టినారట. ఒక ముసలి బిచ్చగత్తె, దేవుని పేరిట భిక్ష అడిగినది. ఆమె తలుపు తట్టిన చప్పుడే తన కొత్త రచనకు మొదలు అవుతుందని ఆయన శిష్యునితో అన్నాడని ఆయన శిష్యుల పరంపర చెప్పుకునే కథ. ఆమె మాటలే ఆ రచనకు పేరు: 'దేవుని ప్రేమకై ఒక భిక్ష'. ఇది కూడ ట్రెమోలోయే. పైన సన్నని దుఃఖధార. లోపలి తీగమీద ఆగి ఆగి తలుపు తట్టిన చప్పుడు. ఆ చప్పుడు రచన పొడవునా విడువదు. 1944 ఆగస్టు 7వ తేదీన గుండె ఆగి ఆయన మరణించినాడు. సాన్ సాల్వడార్ లోనే సమాధి చేసినారు.

తరువాత ముప్పదేళ్లపాటు లోకం ఆయనను మరచినది. ఈ మాటను కొంచెం దిద్దవలెను: సభలు మరచినవి, గిటారువారు మరువలేదు. వెనిజులా దేశపు అలిరియో దియాస్ వాయించినాడు. పరాగ్వే దేశపు సిలా గొదోయ్ దేశదేశాలు తిరిగి వ్రాతప్రతులు పోగుచేసినాడు. 1977లో జాన్ విలియమ్స్ ఒక రికార్డు నిండా బారియోస్ నే వాయించగా, అమెరికాలో రిచర్డ్ స్టోవర్ రచనలను అచ్చుకెక్కించి, 1992లో ఆయన జీవితచరిత్ర ప్రకటించినాడు. ఈనాడు ఏ దేశంలోనైనా గిటారు పట్టిన విద్యార్థి నాలుగైదేళ్లలో బారియోస్ వద్దకు వచ్చితీరుతాడు. పరాగ్వే తన 50,000 గ్వారనీల నోటు మీద ఆయన బొమ్మ వేసుకున్నది. బ్రతికున్నప్పుడు జేబులో ఎంత ఉండేదో!

కొన్ని రచనలకు మాత్రం కాగితమే దొరకలేదు. ఆ పాత గ్రామఫోను పళ్లెంలో తప్ప అవి ఎక్కడా లేవు. అటువంటివాటిని చెవితో విని స్వరలిపి వ్రాసుకునేవారున్నారు. పళ్లెం ఏ వేగంతో తిప్పితే సరియైన శ్రుతి వస్తుందో మొదట తేల్చుకోవలెను, ఎందుకంటే ఆ రోజులలో యంత్రాల వేగం ఒకటి కాదు. తరువాత గోల అడుగున ఏ తీగ మ్రోగినదో, ఏ వ్రేలు మీటినదో ఒక్కొక్క స్వరంగా పట్టుకోవలెను. ఒకచోట ఆయన చరణాన్ని రెండుసార్లు వాయిస్తాడు. రెండవసారి బొటనవ్రేలు వేరే దారిన పోతుంది. ఏది వ్రాయటం? ఇద్దరు విద్వాంసుల ప్రతులలో ఆ చోట ఒకరు మొదటిది వ్రాసినారు, ఒకరు రెండవది వ్రాసినారు. నేను రెండూ నేర్చుకోవటానికి ప్రయత్నిస్తున్నాను.